బకాసురుడి ఎంగిలి

జాడికల్, బోధన్ దగ్గర
మే 14

నజియాకు,

సవిత రాస్తున్నది. పెళ్లయిన తర్వాత నేనెవరికీ ఉత్తరం రాయలేదు. ఏదైనా ఉంటే దేవుడి ముందు కూర్చుని చెప్పుకునేదాన్ని. నాలుగు రోజులుగా అక్కడ కూర్చుంటే నోట నామం రావడం లేదు, కడుపులోంచి వాంతి వస్తున్నది. నీకు ఫోన్ చేద్దామంటే మా ఇంట్లో అందరూ స్పీకరు పెట్టే మాట్లాడతారు. నా గొంతు సంగతీ నీకు తెలుసు, సగం మాట లోపలే ఆగిపోతుంది. అందుకని కలం పట్టాను. కాగితమైతే భయం లేదు. కాగితం మీద ఉన్నది చదివే ఓపిక ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

కాలువ మలుపు దగ్గరి దిబ్బను తవ్వుతున్నారు.

నువ్వు ఊరు విడిచి ఎన్నేళ్లయినా దాన్ని మరిచి ఉండవు. చుట్టూ నిలబెట్టిన రాళ్లు, మధ్యన రెండు నిలువుల ఎత్తు మట్టి. అది ఎవరు పోశారో, కింద ఎవరున్నారో ఊళ్లో ఏ ఇద్దరూ ఒక మాట చెప్పరు. బకాసురుడికి పంపిన బండెడన్నం కుప్ప అంటారు కొందరు. పాత గత్తర రోగంలో పోయినవాళ్లంటారు కొందరు. మీ అమ్మ ఆబిదమ్మ మాత్రం "మనకంటె ముందటోళ్లు బిడ్డా, ఎవరో ఏమో" అనేది. ఎవరిదైనా కానీ, చుట్టూ చెరకు వేసినవాళ్లెవరూ దాని మీదికి నాగలి ఎక్కించలేదు.

ఇప్పుడు ఊరి కమిటీ ఫంక్షన్ హాలు కడుతున్నది. పునాదిలో పోయడానికి మొరం కావాలి. దిబ్బ అంతా మంచి మొరమేనని కమిటీ పెద్ద ఆత్మారాం అన్నాడట, కమిటీలో ఉన్న మా ఆయన సరేనన్నారట. పదో తారీకున నేను మా ఆయనకు సద్ది తీసుకుపోయేసరికి జేసీబీ ఆగి ఉంది. నడిపే ఎర్రన్న కిందికి దిగి నిలబడ్డాడు.

"పటేలా, బొక్కలు ఎల్తున్నయ్. నేను తవ్వ."

"గొడ్డుయి అయ్యుంటయ్, తియ్యి" అన్నారు మా ఆయన.

"గొడ్డుకు గింత పుర్రె ఉంటదా? సూడు, దోసిట్ల పడుతున్నది."

అతని దోసిలి నేనూ చూశాను. సొరకాయ పెంకుల్లాంటి పలచని ముక్కలు, వేలెడు పొడుగు ఎముకలు, కుండ పెంకులు. వాటి మధ్య పచ్చగా చిలుము పట్టిన చిన్న రాగి కడియం.

నజియా, ఆ కడియం మా బాపు బోధన్ బజారులో కొన్నాడు. వదులుగా ఉందని నేనే వంచితే ఒక పక్క వంకర పోయింది. ఆ వంకర అట్లాగే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల కింద, తొమ్మిది రోజులు బతికి పోయిన నా మొదటి బిడ్డ చేతిది.

మన ఊరి పద్ధతి నీకు నేను చెప్పాలా? ఇరవై ఒకటో రోజు రాకముందు, పేరు పెట్టకముందు పోయిన పిల్లలను మగవాళ్లు మోయరు. మంత్రసానీ, ఇంట్లో పెద్ద ఆడమనిషీ కలిసి కొత్త కుండలో పెట్టి దిబ్బలో దాచి వస్తారు. తల్లికి చోటు చెప్పరు. మగవాళ్లు అడగరు, ఆడవాళ్లు చెప్పరు. నా బిడ్డను మీ అమ్మా, మా అత్తమ్మా తీసుకుపోయారు.

సద్ది గిన్నె కింద పెట్టి వచ్చేశాను. అప్పటికే రెండు ట్రాక్టర్ల మట్టి హాలుకు పోయింది. పోసి, నీళ్లు కొట్టి, రోలరు తిప్పారు. ఆ రోలరు కింద ఎవరి పిల్లలున్నారో. రేపు అక్కడే విస్తళ్లు వేసి బూందీ వడ్డిస్తారు.

మీ అమ్మ పోయే ముందు నీకేమైనా చెప్పిందా? ఎవరెవరున్నారు, ఏ పక్కన ఉన్నారు? రాయి.

సవిత


నిజామాబాద్
మే 30

సవితా,

సలాం. నీ ఉత్తరం అందింది. చదివి చింపేశాను. దీన్ని నువ్వూ అదే చెయ్యి.

అమ్మ పోయి ఆరేళ్లయింది. నాకేమీ చెప్పలేదు. మట్టిలో పెట్టింది మట్టయిపోతుంది, మిగిలింది ఏదైనా అది పిల్లలు కారు. నువ్వు ఆ పక్కకు పోకు. అమ్మ పేరు ఎక్కడా ఎత్తకు. చచ్చిపోయిన మనిషిని ఊరి నోట్లో వెయ్యడం మంచిది కాదు. నాలుగు రోజులు మజ్జిగన్నం తిను, తగ్గుతుంది.

ఇక్కడ అందరం క్షేమం. మా ఆయన జలీల్ గారు గడియారాల దుకాణానికి పోయి వస్తున్నారు. మా ఆడబిడ్డ కూతురు అల్మాస్‌కు సంబంధం కుదిరింది. చలికాలం మొదట్లో పెళ్లి.

నజియా


జాడికల్
జూలై 3

నజియా,

మజ్జిగన్నం తిన్నాను. తగ్గలేదు.

నీ ఉత్తరం కరెంటాఫీసు నోటీసులాగా ఉంది. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే కంపాసు వాడుకున్న మనిషి రాసిన ఉత్తరం కాదు అది. నీకు ఇష్టం లేకపోతే జవాబు రాయకు. నేను మాత్రం రాస్తాను. లేకపోతే ఇది నాలో పులిసిపోతుంది.

ఎముకల సంగతి ఊరంతా పాకింది. పీనుగుల మట్టి తెచ్చి హాలు కింద పోశారు, అందులో ఎవడు పెళ్లి చేస్తాడని జనం కమిటీ మీద లేచారు. ఆత్మారాం రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు నుదుట ఇంత బొట్టు పెట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"రాజారాం, మనం తప్పు చెయ్యలే. మనతోని దేవుడే తవ్విపిచ్చిండు. బోధన్ అంటె ఏంది? ఏకచక్రపురం. బకాసురుడు దినాం ఒక మనిషిని తిన్నడా లేదా? తిన్నోడు బొక్కలు యాడ పారేసిండు మరి?"

మా ఆయన అన్నారు, "గివి చిన్నపిల్లలయి గద అన్నా."

"లేతయి ముందు తిన్నడు. నువ్వైతె ముదురు కోడి తింటవా ఏంది?"

అరుగు మీద అందరూ నవ్వారు. నేను లోపల చాయ్ వడబోస్తున్నాను.

ఆ నవ్వులోంచే గుడి పుట్టింది. గొడ్లకు కుడితి పోసే తొట్టిలో ఎముకలు కడిగారు. పసుపు పూశారు. దిబ్బకు ఎదురుగా రేకుల పందిరి వేసి, అద్దాల పెట్టె చేయించి అందులో పేర్చారు. ముందు నా బిడ్డ కడియం పెట్టి 'ద్వాపరయుగం నాటిది' అని చీటీ అంటించారు. ఒక ఎముక మీద జేసీబీ పళ్లు గీరిన గాట్లున్నాయి. అవి రాక్షసుడి కోరల గాట్లట. బోధన్ నుంచి, వర్ని నుంచి, చందూర్ నుంచి జనం వచ్చి ఆ గాట్ల మీద అద్దం పైనుంచే వేలు పెట్టి చూస్తున్నారు. చంటిపిల్లలను ఎత్తుకుని వచ్చి చూపిస్తున్నారు. కొబ్బరి నీళ్లు పారి, ఎండకు పులిసి, పందిరంతా ఈగలు. కుర్‌కురే కవర్లు తొక్కుకుంటూ దండాలు. మా కృష్ణ ఫోన్లో వీడియో తీసి పెట్టాడు. 'బకాసురుడు నమిలిన బొక్కలు, లైక్ కొట్టుండ్రి' అని అందులో వాడి గొంతే. వాడికి అది అక్క. వాడికి తెలియదు.

నిజామాబాద్ నుంచి ఒక కాలేజీ సారు వచ్చాడు. దిబ్బ తెగిన చోట లోపల పెద్ద బండలతో పేర్చిన పెట్టెలాంటిది కనబడుతున్నది. దాన్ని కొలిచి, ఇది రెండు మూడు వేల ఏళ్ల నాటి సమాధి కావచ్చు, ఎవరిదో తెలియదు, పైన దొరికిన ఎముకలు వేరే కాలానివి, పద్ధతిగా చూస్తే గాని చెప్పలేనని అన్నాడు. "తెల్వనోనివి గింత దూరం ఎందుకొచ్చినవ్ సారూ" అని ఆత్మారాం చాయ్ తాగించి పంపేశాడు. తెలియదన్న మాటకు మా ఊళ్లో విలువ లేదు.

ఇంకా చెప్పాలా? రోజూ దీపం పెట్టడానికి మనిషి కావాలంటే "సవితమ్మంత భక్తి ఎవలకుంది" అని పెట్టె తాళం నాకిచ్చారు. అందరూ చూస్తుండగా కాదనలేకపోయాను. పొద్దున స్నానం చేసి, తడి జుట్టుతో పోయి, నా బిడ్డకు నేను హారతి ఇస్తున్నాను, రాక్షసుడి ఎంగిలి అన్న పేరు మీద. ఇంటికి వచ్చి మళ్లీ స్నానం చేస్తున్నాను. ఎన్ని చెంబులు పోసుకున్నా పోవడం లేదు.

నువ్వు మజ్జిగన్నం తినమన్నావు.

సవిత


నిజామాబాద్
జూలై 21

సవితా,

నీ మొదటి ఉత్తరం చింపలేదు. అబద్ధం రాశాను. రెండూ నా కుట్టుమిషను సొరుగులో ఉన్నాయి. అమ్మ ఏమీ చెప్పలేదన్నదీ అబద్ధమే.

కృష్ణ వీడియో నీ ఉత్తరం కంటే ముందే మా ఇంటికి వచ్చింది. జలీల్ గారు అన్నం తింటూ చూసి నవ్వి, "సూడు మీ ఊరోళ్లను, బొక్కలకు మొక్కుతున్నరు" అని ఫోన్ నా ముందు పెట్టారు. నేను చేతులు కడుక్కునే నెపంతో లేచి పోయి నల్లా విప్పి నిలబడ్డాను.

నీ బిడ్డ పోయిన ఏడాదికి నేను కాన్పుకు అమ్మ దగ్గరికి వచ్చాను, నీకు గుర్తుందా? ఆరో నెలలోనే అయిపోయింది. ఊపిరి తియ్యలేదు. నువ్వు వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నావు. ఏమీ అడగలేదు, అందుకు ఇన్నేళ్లూ నీకు దువా చేశాను. ఊరి పెద్దమనిషిని అడిగితే ఖబరస్తాన్‌లో, గోరీలకు దూరంగా ఓ మూలన పెట్టమన్నారు. అమ్మ చాటలో పెట్టుకుని బయలుదేరింది. తిరిగి వచ్చి ఆ మూలనే పెట్టానని అందరికీ చెప్పింది. తాను పోయే ముందు వారం నాతో అన్నది, "ముళ్ల కంచె పక్కన ఒక్కదాన్నే ఎట్ల పెట్టుదు బేటీ? నేను మోసిన పిల్లలందరు దిబ్బ కాడ ఉన్నరు. ఆడనే పెట్టిన. సవిత బిడ్డ పక్కన."

జలీల్ గారికి ఇది తెలియదు. ప్రతి ఏడాది, పోయినవాళ్లను తలుచుకునే షబే బరాత్‌కు జాడికల్ వస్తారు. ఖబరస్తాన్‌లో ఆ మూలన పూలు పెట్టి ఫాతిహా చదువుతారు. నేను గోడ ఇవతల నిలబడి వింటాను. ఆరేళ్లుగా, అది ఖాళీ చోటని తెలిసీ.

ఇప్పుడు అర్థమైందా నీకు నోటీసు ఎందుకు రాశానో? ఒకటి ఆలోచించు. నీ బిడ్డ సంగతి బయటపడితే పూజ ఆగుతుంది. నా బిడ్డ సంగతి బయటపడితే గొడవ మొదలవుతుంది. అందులో మా పిల్ల కూడా ఉందన్న ఒక్క మాట చాలు. మీ పక్క నుంచి పది మంది, మా పక్క నుంచి పది మంది, ఫోన్లు పట్టుకుని దిగుతారు. నీ ఊరూ నా ఊరూ ఉండవు. అమ్మ ముప్పై ఏళ్లు అందరి గడపల్లో చేతులు తడుపుకుని చేసిన పని మీద ఉమ్ముతారు.

అందుకే నోరు మూసుకున్నాను. నీ నోరూ మూయాలని చూశాను. ఆ పెట్టెలో ఏ ఎముక ఎవరిదో నాకు తెలియదు. ఆ వీడియోను ఆపి ఆపి వెతికాను. తల్లి వెతకవలసిన తీరు అదేనా?

నాకు తినబుద్ధి కావడం లేదు. నీ రోగం నాకు పంపావు.

నీ నజియా


జాడికల్
సెప్టెంబర్ 9

నజియా,

నన్ను క్షమించు. నీ ఉత్తరం చదివి, తులసికోట దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు. నీ బిడ్డ పక్కన నా బిడ్డ ఉందన్న మాట ఇన్ని నెలల్లో నాకు దొరికిన ఒకే ఒక్క మంచి మాట.

నీ పేరు గాని, ఆబిదమ్మ పేరు గాని ఎత్తలేదు. కానీ ఒక పని చేశాను. మా ఆయనకు నా బిడ్డ సంగతి చెప్పాను. వినాయక చవితి ముందు రోజు. మధ్యాహ్నం పందిరి దగ్గర ఎవరూ లేరు. నేను అద్దం తుడుస్తుంటే వచ్చాడు.

"గా కడియం మా బాపు తెచ్చింది. గది మన పిల్లది."

"మనకు పిల్ల ఏడిదే?" అన్నాడు.

కాసేపటికి ఆయనకే గుర్తొచ్చింది. మొహం తెల్లబడింది.

"నీకెట్ల ఎరుక?"

"వంకర నేనే వంచిన. మీ అవ్వను అడుగు, యాడ పెట్టిందో."

పెట్టె తెరిచాడు. కడియం తీసి అటూ ఇటూ తిప్పాడు. వంకర మీద బొటనవేలు పెట్టి రాశాడు. ఇప్పుడు కూలబడతాడు, ఇప్పుడు ఆ ఎముకలన్నీ కండువాలో కట్టుకుని నాతో నడుస్తాడు అనుకున్నాను. నా చేతులు ముందుకు పోయాయి కూడా.

"కార్తీక పున్నానికి భీముని విగ్రహం నిలబెడుతున్నం. పత్రికలు కొట్టిచ్చినం. బోధన్ నుంచి పెద్దమనుషులు వస్తున్నరు. ఇప్పుడు గీ ముచ్చట చెప్తె ఊరు మన మొఖాన ఉమ్ముతది, సవితా. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ కాడికెల్లి ఈ ఊరి దిక్కు ఎవడన్న వచ్చిండా? ఇప్పుడొస్తున్నరు."

కడియం మళ్లీ చీటీ వెనుక పెట్టాడు. అద్దం మీద నా వేళ్ల మరకలున్నాయి. కండువా అంచుతో వాటిని తుడిచాడు. శుభ్రంగా తుడిచాడు. తుడిచి, "ఎవరికి చెప్పకు" అని పోయాడు. ఆ మధ్యాహ్నం ఇంట్లో రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. పప్పు బాగుందన్నాడు.

ఇన్నేళ్లు ఆయన తిన్న కంచంలో తిన్నాను. ఇప్పుడు ఆయన తాగిన గ్లాసు ముట్టుకోవాలంటే ఒళ్లు జలదరిస్తుంది. బొద్దింక పాకిన గ్లాసులాగా ఉంటుంది. దీపం పెట్టేదాన్ని ఇట్లా రాయవచ్చా? రాశాను.

మా అత్తమ్మ లింగవ్వకు చెబితే మంచంలోనే కూర్చుని తిట్టింది. "మొగోనికి చెప్పినవా? యాభై ఏండ్లొచ్చినా నీకు తెల్వి రాలే. ఎనుకటి సంది ఆడోళ్లు చేసిన పని, ఆడోళ్లే చెయ్యాలె. ఆబిద ఉంటె ఈపాటికి అయిపోతుండె."

ఇంకో సంగతి. పున్నమి నాడు ఎముకలన్నీ విగ్రహం గద్దెలో పెట్టి పైన సిమెంటు పోస్తారట. అప్పుడు ఇక ఎవరూ తీయలేరు. ఆ గద్దె మీద భీముడు కాలు పెట్టి నిలబడతాడు. మనకు రెండు నెలలున్నాయి. అరవకుండా, ఎవరి పేరూ రాకుండా చేయాలి. పెట్టె ఖాళీగా కనబడితే ముందు నన్నే అడుగుతారు, తర్వాత ఎవరిని అనుమానించాలో వాళ్లే వెతుక్కుంటారు. నువ్వు చెప్పిన గొడవ అప్పుడే మొదలవుతుంది. నాకు దారి తోచడం లేదు. తాళం మాత్రం నా కొంగున ఉంది.

సవిత


నిజామాబాద్
అక్టోబర్ 19

సవితా,

దారి దొరికింది. చదివి ఛీ అనకు. అనుకున్నా చెయ్యి.

పెట్టె ఖాళీగా ఉండకూడదు కదా. అల్మాస్ పెళ్లి విందు, వలీమా, పోయిన వారం అయింది. వంట మాస్టరు లేత మేకలు కోయించాడు. ఎవరికీ చెప్పకుండా సన్నవి, పొట్టివి చూసి ఎముకలు ఏరి తెచ్చుకున్నాను. ఉడకబెట్టి, బొగ్గుబూడిదతో తోమి, మిద్దె మీద ఆరబెట్టాను. జలీల్ గారు చూసి "ఏందివి?" అంటే, "కోళ్లకు దంచి పెడుత" అన్నాను. "మనకు కోళ్లేడివి?" అన్నారు. "కొంట" అన్నాను. ఇప్పుడు రెండు కోళ్లు కొనాలి.

మీవాళ్లు వేసిన పసుపు కింద ఏది ఏదో ఎవరికీ తెలియదు. పుర్రె ముక్కలకు బదులు కొబ్బరి చిప్పలు పగలగొట్టి బండ మీద రుద్ది పలచగా చేశాను. ఇక్కడ గంజ్ బజారులో రాగి కడియం కొని వంకర తిప్పి, ఉప్పూ నిమ్మరసం పూసి పచ్చబరిచాను. ద్వాపరయుగం నాలుగు రోజుల్లో తయారైంది.

నువ్వు రోజూ తుడిచే పెట్టె అది. ఏ వేళ మగవాళ్లు ఉండరో నీకే తెలియాలి. అసలైనవి తీశాక ఎక్కడ పెట్టాలో మీ అత్తమ్మను అడుగు. నేను పెండ్లి మిఠాయి ఇవ్వడానికి వచ్చినట్టు వస్తాను. రెండు టిఫిన్ డబ్బాలు తెస్తాను. పైదాంట్లో నిజంగానే మిఠాయి ఉంటుంది.

ఇది చేస్తుంటే నాకూ అసహ్యంగానే ఉంది. నా చేతులు వాసన చూసుకుంటున్నాను. కానీ పెట్టెలో ఉన్నదాని కంటే ఇది నయం.

నజియా


జాడికల్
డిసెంబర్ 2

నజియా,

నువ్వు పోయిన తర్వాత జరిగింది నీకు తెలియదు, అందుకని రాస్తున్నాను. ఆ రోజు సంగతి ఇద్దరం చూసిందే. మగవాళ్లంతా విగ్రహం తేవడానికి ట్రాక్టరు కట్టుకుని పోవడం, మనం అలుకు చల్లే బకెట్లతో పందిరిలోకి పోవడం. నువ్వు పెట్టెలో మేక ఎముకలు పేరుస్తూ "బిస్మిల్లా" అని, నాలుక కరుచుకున్నావు. అప్పుడు మా అత్తమ్మ కర్ర పట్టుకుని నిలబడి అన్న మాటకు నాకు అంత రోతలోనూ నవ్వొచ్చింది. "ఏం గాదు తియ్యుండ్రి. భీముడు మటన్ తినేటోడే."

ఆ తర్వాత నవ్వలేదు. నువ్వు నా తెల్ల చీర ముక్కలో పిల్లల ఎముకలను ఒక్కొక్కటే పెడుతుంటే, ఏది ఎవరిదని నేనూ అడగలేదు, నువ్వూ అడగలేదు. దిబ్బ తెగిన చోట ఆ పాత బండల పెట్టె సందులోంచి మూట లోపలికి జరిపినప్పుడు అత్తమ్మ లోపలికి వంగి చెప్పింది కదా, "ఎవరో గని, ఆడో మొగో, పెద్ద పానం. పిల్లలను సూసుకో." నాకు తెలిసిన మంత్రాలన్నిటిలో ఆ రోజు పలికింది అదొక్కటే. రాళ్లు అడ్డం పెట్టి మట్టి మెత్తి, కాలువలో కాళ్లు కడుక్కుని వచ్చాం.

ఇక పున్నమి సంగతి. బోధన్ నుంచి కార్లు వచ్చాయి. బ్యాండు పెట్టారు. ఆత్మారాం మైకులో కోరల గాట్ల గురించి చెప్పాడు. కోరల గాట్లున్న ఎముక ఇప్పుడు అందులో లేదు, ఎవరూ చూడలేదు. చూడడానికి ఎవరూ రాలేదు కదా, మొక్కడానికి వచ్చారు. దిబ్బలో మిగిలిన సగం చుట్టూ కమిటీ వాళ్లే ఇనుప కంచె వేశారు. బకాసురుడి స్థలమట, ఇక పార తగలకూడదట. నాకు రోత పుట్టించే ఈ గుడే మన పిల్లలకు కాపలా. దీన్ని ఏ దేవుడికి చెప్పుకోను?

గద్దెలో పెట్టే ముందు ఎర్రగుడ్డలో కట్టిన మూట మా ఆయన చేతికిచ్చారు. ఆయనకు తెలిసినంత వరకు అది తన కూతురు. సిమెంటు తట్ట పక్కన ఉంది, తాపీ చేతిలో ఉంది. అందరి మధ్యలోంచి తలెత్తి నా వైపు చూశాడు. నేను ఒక్కసారి తల అడ్డంగా ఊపితే ఆగేవాడేమో. నేను కళ్లు మూసుకుని దండం పెట్టాను. కళ్లు తెరిచేసరికి సిమెంటు చదును చేస్తున్నాడు.

ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. తెల్లవారకముందే పోయి గద్దెకు ఆనుకుని కూర్చుంటున్నాడు. అరచెయ్యి సిమెంటు మీద పెట్టి ఉంచుతాడు. ఆత్మారాం ఏదో హాస్యమాడితే కొట్టబోయాడట. మాంసం మానేశాడు. మొన్న అన్నం పెడుతుంటే కంచంలో చెయ్యి పెట్టి, తల ఎత్తకుండా అడిగాడు.

"సవితా, గా పిల్లకు పేరేమన్న అనుకున్నవా?"

అనుకున్నాను, నజియా. తొమ్మిది రోజులూ ఆ పేరుతోనే పిలుచుకున్నాను, ఎవరికీ వినబడకుండా. "లేదు" అన్నాను. చారు పోశాను.

ఒక్క మాట చెబితే ఆయన గుండె మీది బండ దిగుతుంది. నువ్వు సిమెంటు పోసింది నీ బిడ్డ మీద కాదు, మేక ఎముకల మీద అని. రోజూ ఆ మాట నాలుక చివరికి వస్తుంది, రోజూ మింగుతున్నాను. ఎందుకంటే ఆ చేతులు పోసినప్పుడు అది తన బిడ్డే. ఆ మనిషి కన్నీళ్లు కంచంలో పడుతుంటే నేను చూస్తూ నిలబడగలుగుతున్నాను. చీమ మీద కాలు పడితే చెంపలు వేసుకునేదాన్ని. ఇప్పుడు దీపం ముందు కూర్చుంటే ఆయన మీది రోత ఎక్కడ ఆగి నా మీది రోత ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. అయినా చెప్పను. ఎన్నాళ్లో తెలియదు. ఇప్పటికైతే చెప్పను.

నా దగ్గరున్న నీ ఉత్తరాలు కూడా ఇందులోనే పెట్టి పంపుతున్నాను. ఇక్కడ ఉంటే ఏదో ఒక రోజు నా మనసు మెత్తబడి ఆయన చేతిలో పెట్టేస్తానేమో. నావీ నీవీ ఒకచోట కట్టి, మిషను సొరుగులోనే ఉండనీ. చింపకు. జలీల్ అన్నకు గాని, కృష్ణకు గాని, నేను పోయిన తర్వాతైనా సరే, ఎవరికీ చూపకు. నా బిడ్డ పేరు ఒక్కటే ఇందులో రాయలేదు.

నీ సవిత